మా పేరిట రాజీ మా సమ్మతితోనే

ఒకే తప్పు వల్ల వేలమంది నష్టపోయినప్పుడు ఆ దావాను రాజీతో ముగించవచ్చు. చాలాసార్లు అదే మేలు కూడా. అయితే రాజీపడే హక్కు నష్టపోయినవారిది. వారి తరఫున నిలబడిన ప్రభుత్వానికి గానీ, వకీళ్లకు గానీ, కేసు వింటున్న న్యాయమూర్తులకు గానీ అది దఖలుపడదు. పరిశ్రమల ప్రమాదాల్లో, పెట్టుబడి మోసాల్లో, సర్కారు నిర్లక్ష్యం వల్ల దెబ్బతిన్నవారి కోసం పనిచేస్తున్న మేమంతా ఒప్పుకున్న మూలసూత్రం ఇదే. మాటవరసకు దీన్ని కాదనేవారు ఎవరూ లేరు. అయినా మన దేశంలో బాధితుల పేరిట కుదిరిన అతి పేరుమోసిన రాజీ, వారిని ఒక్క మాటైనా అడగకుండానే కుదిరింది. అందుకే మా వాదనను భోపాల్ నుంచి మొదలుపెడుతున్నాం.

1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి విషవాయువు ఊరిమీద పడింది. మరుసటి ఏడాది పార్లమెంటు చేసిన చట్టం బాధితులందరి తరఫున దావా వేసే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వం ఒక్కదానికే ఇచ్చింది. పేదలు అంత పెద్ద కంపెనీతో విడివిడిగా పోరాడలేరన్నది అందుకు చెప్పిన కారణం. అది నిజమే. కానీ అదే కంపెనీ భారతీయ శాఖలో ప్రభుత్వరంగ ఆర్థిక సంస్థలకు వాటాలుండేవి. కర్మాగారానికి అనుమతులిచ్చిందీ, తనిఖీలు చేయవలసిందీ ప్రభుత్వాలే. అలాంటి పెద్దదిక్కు మొదట అమెరికా కోర్టుకెక్కింది. న్యూయార్క్ న్యాయమూర్తి 1986లో కేసును మన కోర్టులకే పంపించాడు. భోపాల్ జిల్లా కోర్టులో అది 330 కోట్ల డాలర్లు అడిగింది. చివరికి 1989 ఫిబ్రవరి 14న, మధ్యంతర పరిహారం మీద అప్పీళ్లు వింటున్న సుప్రీంకోర్టులో, 47 కోట్ల డాలర్లకు మొత్తం వ్యవహారం తెగిపోయింది. అడిగినదానిలో ఏడో వంతు. ఆ ఉత్తర్వు క్రిమినల్ కేసులను సైతం రద్దు చేసింది. వాటిని తిరిగి తెరవడానికి 1991 దాకా సమీక్ష కోసం కొట్లాడవలసి వచ్చింది.

బాధితులను అడగకపోతే ఏమవుతుందో ఈ రాజీ లెక్కల్లోనే కనిపిస్తుంది. సుమారు 3,000 మరణాలు, లక్షకు కాస్త ఎక్కువమంది గాయపడినవారు అన్న అంచనా మీద ఆ మొత్తాన్ని నిర్ణయించారు. తరువాత క్లెయిమ్ కోర్టులు పరిహారానికి అర్హులని తేల్చినవారు 5.7 లక్షలు. మరణాలు 5,295. అప్పటి మారకంలో సుమారు 715 కోట్ల రూపాయలను 5.7 లక్షలమందికి సమంగా పంచితే తలకు పన్నెండున్నర వేలు వస్తుంది. అసలు చేతికి అందింది చాలామందికి 25,000. డాలర్లలో ఉన్న సొమ్ము రూపాయి పతనంతో, వడ్డీతో పెరిగింది గనుక 2004లో సుప్రీంకోర్టు ఆదేశంపై మరోసారి అంతే పంచారు. అంటే ఆ రెండో విడత కూడా దక్కింది ఆలస్యం వల్లనే. నష్టం ఎంతో రాజీకి ముందే నష్టపోయినవారిని అడిగి ఉంటే ఆ అంచనా నిలిచేది కాదు. ఎవరికి ఊపిరి ఆడడం లేదో, ఎవరి ఇంట్లో ఎవరు పోయారో భోపాల్ బస్తీల్లో అందరికీ తెలుసు. ఆ బస్తీలకు నోటీసు పోలేదు.

ఇలాంటి నోటీసు మన చట్టానికి కొత్తేమీ కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 23, రూల్ 3బి ఉంది. పలువురి తరఫున నడిచే ప్రాతినిధ్య దావాలో కోర్టు అనుమతి లేని రాజీ చెల్లదని, అనుమతికి ముందు ఆ దావాతో ప్రయోజనం ముడిపడినవారికి నోటీసు ఇవ్వాలని అది చెబుతుంది. ఆ నిబంధన తన ముందున్న వ్యవహారానికి దానంతటది వర్తించదని సుప్రీంకోర్టు 1991లో తేల్చి, సివిల్ రాజీని నిలబెట్టింది. సొమ్ము చాలకపోతే లోటును ప్రభుత్వమే పూడ్చాలని, అప్పటికి జబ్బు లక్షణాలు బయటపడని సుమారు లక్షమందికి బీమా చేయించాలని చెప్పింది. ఆ బీమా జరగలేదు. 2010లో కేంద్రం కంపెనీ నుంచి మరో 7,844 కోట్ల రూపాయలు ఇప్పించమని క్యూరేటివ్ పిటిషన్ వేస్తే, మోసం జరిగిందని చూపకుండా తేలిపోయిన రాజీని తిరగదోడలేమంటూ 2023 మార్చి 14న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టేసింది. బీమా చేయించని నిర్లక్ష్యాన్నీ ఎత్తిచూపింది. ఆ తీర్పుతో మాకు పేచీ లేదు. ముగిసిన రాజీని మళ్లీ తెరవడం ఎంత కష్టమో చెప్పే తీర్పు అది. అందువల్లనే ముగించేముందు అడగాలంటున్నాం.

ఆకలితో, జబ్బుతో ఉన్నవారికి ఆలస్యమే పెద్ద అన్యాయమన్నది మాకు ఎదురయ్యే మొదటి ఆక్షేపణ. రాజీకి సుప్రీంకోర్టు చెప్పిన ముఖ్య కారణం కూడా తక్షణ ఉపశమనమే. కానీ 1989లో కుదిరిన రాజీ సొమ్ము వ్యక్తులకు పరిహారంగా అందడం మొదలైంది 1992లో. ఆ మూడేళ్లలో మూడు నెలలు కేటాయించినా బస్తీబస్తీకీ నోటీసు వెళ్లేది, అభ్యంతరాలు వినడం అయ్యేది. తొందర బాధితులకు పనికిరాలేదు.

లక్షలమందిని అడగడం అయ్యేపనేనా అని మరో ప్రశ్న. అమెరికాలో ఆదివాసుల భూముల ట్రస్టు ఖాతాలను సర్కారు సరిగ్గా నిర్వహించలేదని బ్లాక్‌ఫీట్ తెగకు చెందిన ఎలూయీజ్ కోబెల్ 1996లో దావా వేసింది. లక్షలమంది తరఫున నడిచిన ఆ దావా 2009లో 340 కోట్ల డాలర్లకు రాజీపడింది. నోటీసులు పంపి, ఒప్పుకోనివారి వాదనలు బహిరంగంగా విన్నాకే 2011లో న్యాయమూర్తి ఆమోదించాడు. వకీళ్లు 22 కోట్ల 30 లక్షల డాలర్ల ఫీజు అడిగితే 9 కోట్ల 90 లక్షలకు కుదించాడు. క్లాస్ యాక్షన్ (సామూహిక దావా) వకీళ్లనే బాగుచేస్తుందనేవారికి మా జవాబు కూడా ఇదే: ఫీజు తెరవెనుక కాక కోర్టులో, బాధితుల ఎదుట తేలాలి.

సమ్మతి అడిగితే కంపెనీలు రాజీకే రావన్న భయం మాత్రం తేలిగ్గా తీసిపారేయదగింది కాదు. అందరితోనూ తెగిపోతుందన్న భరోసా కోసమే అవి డబ్బిస్తాయి. దీనికి ఇటీవలి ఉదాహరణ పర్డ్యూ ఫార్మా. మత్తుమందు మాత్రల వ్యవహారంలో ఆ కంపెనీ యజమానులైన సాక్లర్ కుటుంబం 600 కోట్ల డాలర్ల దాకా ఇచ్చి, ఒప్పుకోని బాధితుల దావాల నుంచి సైతం విముక్తి పొందాలని చూసింది. బాధితుల సమ్మతి లేకుండా అలా విముక్తి ఇవ్వడం కుదరదని 2024 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఆ ఒప్పందాన్ని కొట్టేసింది. అంతా కుప్పకూలిపోతుందని అప్పుడు చాలామంది అన్నారు. ఏడు నెలలు తిరక్కుండానే 740 కోట్ల డాలర్ల కొత్త ఒప్పందం ప్రకటించారు.

సామూహిక దావాకు దారి ఉండటానికీ లేకపోవడానికీ మధ్య తేడా తెలుగువారికి సత్యం కంప్యూటర్స్‌తో అనుభవమైంది. 2009 జనవరిలో మోసం బయటపడ్డాక, న్యూయార్క్‌లో ఆ కంపెనీ షేర్లు కొన్నవారికి క్లాస్ యాక్షన్ ద్వారా సత్యం నుంచి 12.5 కోట్ల డాలర్లు, ఆడిటర్ల నుంచి 2.55 కోట్ల డాలర్ల రాజీలు దక్కాయి. ముంబయి మార్కెట్లో అవే షేర్లు కొన్న మదుపరుల తరఫున అర్జీ పెడితే జాతీయ వినియోగదారుల కమిషన్ స్వీకరించలేదు, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. ఆ తరువాతే 2013 కంపెనీల చట్టంలో సామూహిక దావాకు దారిచ్చే సెక్షన్ 245 వచ్చింది. అదీ 2016లో గానీ అమలుకు రాలేదు. ఇక పరిశ్రమల ప్రమాదాల సంగతి చూస్తే, విశాఖలో 2020 మే 7న స్టైరీన్ వాయువు లీకై 12 మంది చనిపోతే రాష్ట్ర ప్రభుత్వం కుటుంబానికి కోటి రూపాయలు ప్రకటించింది. ఆ సాయాన్ని మేము తక్కువ చేయం. కానీ ఎక్స్‌గ్రేషియా ఇచ్చేవారి దయ, పరిహారం పొందేవారి హక్కు. ఒకటి ఇచ్చి రెండోది తీరిపోయిందనడానికి వీల్లేదు.

కనుక మేము కోరుతున్నవి ఇవి. రూల్ 3బి నోటీసు సుప్రీంకోర్టుతో సహా ఏ కోర్టులో, ఏ ట్రైబ్యునల్‌లో కుదిరే సామూహిక రాజీకైనా వర్తించాలని చట్టం స్పష్టంగా చెప్పాలి. ఆ నోటీసు బాధితుల భాషలో, వారి వీధిలో, వారికి చదివి వినిపించేలా ఉండాలి. తప్పులో తనకూ వాటా ఉందన్న ఆరోపణ ఎదుర్కొంటున్న ప్రభుత్వం ఏకైక ప్రతినిధి కాకూడదు. ఒప్పుకోనివారు బయటకు వెళ్లి సొంతంగా దావా నడుపుకోగలగాలి. లెక్కకు అందని జబ్బులు తరువాత బయటపడితే కంపెనీ మళ్లీ చెల్లించే షరతు రాజీపత్రంలోనే ఉండాలి. పంపిణీ ఖాతా ఏటా బయటపెట్టాలి. ఇవి లేని రాజీపత్రం మీద మాతో ఉన్న వకీళ్లెవరూ సంతకం చేయరు. మరెవరైనా చేస్తే ఆ కోర్టులోనే మా అభ్యంతరం దాఖలు చేస్తాం.