తమ్ముడి మాట ఎవరు నమ్ముతారు?

దెయ్యం కథ అంటే మనకు తెల్లచీర, గజ్జెల చప్పుడు, కిర్రుమనే తలుపు ఉండాల్సిందే గదా! 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’లో తలుపులు కిర్రుమంటాయి గానీ, అసలు భయం అక్కడ లేదు. పది భాగాలూ చూశాక నన్ను పట్టుకుని వదలనిది దెయ్యం కాదు, ల్యూక్ అనే తమ్ముడు.

షిర్లీ జాక్సన్ 1959లో రాసిన నవల పేరూ ఇదే. అందులో ఆ ఇంటికి వచ్చేవాళ్లు ఒకరికొకరు ఏమీ కారు. దర్శకుడు మైక్ ఫ్లానగన్ అందులోంచి కొన్ని పేర్లు తీసుకుని అయిదుగురు తోబుట్టువుల్ని సృష్టించాడు. చిన్నప్పుడు ఆ ఇంట్లోనే తల్లిని పోగొట్టుకున్నారు. పెద్దన్న స్టీవెన్ దెయ్యాల్లేవంటూనే ఆ ఇంటి మీద పుస్తకం రాసి డబ్బు చేసుకున్నాడు (గడుసువాడే!). ల్యూక్ హెరాయిన్‌కి బానిసయ్యాడు. మొదటి భాగంలోనే అతని కవల చెల్లెలు నెల్ చనిపోతుంది.

నాలుగో భాగం తప్పక చూడండి. ల్యూక్ మత్తుమందు మానేసి 90 రోజులు. చికిత్స వదిలి వెళ్లిపోయిన స్నేహితురాలిని వెదకడానికి బయటికొస్తాడు. మళ్లీ మొదలెట్టాడనే ఇంట్లోవాళ్ల అనుమానం. వాళ్లనీ ఏమంటాం? అన్న ఇంట్లో సామాను ఎత్తుకుపోతూ దొరికినవాడే గదా! చిన్నప్పుడూ అంతే. అబిగెయిల్ అనే పాపతో ఆడుకుంటున్నానంటే ‘అంతా వీడి ఊహ’ అని కొట్టిపారేశారు. ఆ పాప ఎవరో నేను చెప్పను, చూసి మీరే గుండె పట్టుకోండి.

పాపం, అతని వెంట మరొకడున్నాడు. టోపీ, చేతికర్ర, నేలకానని కాళ్లు! వాడు కనిపించగానే ల్యూక్ కళ్లు మూసుకుని ఏడు దాకా లెక్కపెడతాడు. ఇంట్లో ఏడుగురు మరి. ఒక మనిషి తగ్గాక ఆ లెక్క వింటుంటే కడుపులో దేవినట్టవుతుంది. ఆలివర్ జాక్సన్-కోహెన్ పాత్రలో జీవించాడు.

ఇక ఆరో భాగం! నెల్ శవపేటిక ముందు తోబుట్టువులంతా తిట్టుకుంటారు. భాగం మొత్తం దాదాపు 5 పెద్ద షాట్లలోనే తీశారు. వాటిలో పొడవైనది పావుగంట దాటుతుంది. ఆ తగువులో పడి వెనక మూలలు చూడ్డం మరిచిపోకండేం!

ముగింపు మరింత కఠినంగా పెట్టాలనుకున్న ఫ్లానగన్ మనసొప్పక మానేశాడు. కొందరు అభిమానులకు ఈ మెత్తదనం రుచించలేదు. నాకు నచ్చింది. ల్యూక్‌ని ఇంకెంత ఏడిపిస్తారు మహాప్రభో!