కాలువగట్టుపై సైకిలు

కోనసీమలో మన ప్రయాణములు చాలవఱకు దైవదర్శనమునకే. కారులో అయినవిల్లి పోవుదుము, అప్పనపల్లి పోవుదుము. గుడి చూతుము, ఊరు చూడము. ఊరు చూడఁగోరువారికి సైకిలును మించిన వాహనము లేదని మా అభిప్రాయము.

గౌతమీ వసిష్ఠల నడుమనున్న ఈ సీమలో కొండ గాని గుట్ట గాని లేదు. త్రొక్కువారికి ఆయాసము తక్కువ. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప ఇచ్చట కాలువలు వ్యాపించెను. ఒకప్పుడు వాని గట్లపై నడచుచు పడవలను త్రాళ్లతో లాగెడివారు. ఫ్రాన్సుదేశమున 1681లో తెఱవఁబడిన మిదీ కాలువ గట్టును అట్టిదే. గుఱ్ఱములు పడవలు లాగిన ఆ దారిని నేఁడు స్త్రీలును పురుషులును సైకిళ్లపై పోవుచు పాతపల్లెలను చూచుచున్నారు. మన గట్లకేమి లోపము?

కొత్తపేట చేరువ పలివెలలో కొప్పేశ్వరుని కోవెల కలదు. ర్యాలిలో ఒకే శిలయందు ముందు కేశవుఁడు, వెనుక మోహిని. బండారులంక మగ్గముల చప్పుడు కారులోనివారికి వినఁబడదు. సైకిలు దిగినవారికే వినఁబడును.

మార్గశిర పుష్యమాసములు అనువైనవి. గట్టునకు పిట్టగోడ యుండదు గనుక చీఁకటిలో పోరాదు. గొలుసునకు తొడుగున్నచో చీర చిక్కుకొనదు.

బడికి పోవు ఆఁడుపిల్లలు ఈ దారులనే సైకిలు త్రొక్కుచున్నారు. పెండ్లియైనంతనే ఆ విద్య అటకెక్కుచున్నది. ఇది మనకు తగునా? నేర్చిన కాలు మఱవదు. ఇద్దఱు ముగ్గురు తోడై, ఒక ఆదివారము ప్రొద్దున, పొరుగూరివఱకైనను పోయి రండు.