తెర చెదిరినప్పుడు

ఎలుకల బాధకు ఇల్లు తగులబెట్టుకున్నట్లు అని మనకొక సామెత ఉన్నది. కంప్యూటరు తెరపై అక్షరం చెదరగానే లినక్స్‌ను పూర్తిగా తొలగించి మరల ఎక్కించడం అటువంటి పనియే. దానివల్ల దోషం తాత్కాలికంగా తొలగినా, దాని కారణం విద్యార్థికి ఎన్నటికీ తెలియదు. దోషాన్ని పరిశీలించి సరిదిద్దే నేర్పు కూడ కళాశాల విద్యలో భాగం కావలెనని నా అభిప్రాయం.

ఉర్దూ, తెలుగు రెండూ చదివే మన విద్యార్థులకు ఇది మరింత ముఖ్యం. తెలుగులో ఒత్తులు హల్లుతో చేరి నిలవాలి. ఉర్దూలో అక్షరాలు కుడి నుండి ఎడమకు కలిసి సాగుతూ రూపం మార్చుకోవాలి. లినక్స్‌లో ఈ రెండు పనులనూ ప్రధానంగా నిర్వహించేది హార్ఫ్‌బజ్ అనే ఒకే ఉపకరణం. ఫారసీలో 'హర్ఫ్' అనగా అక్షరం, 'బాజ్' అనగా తెరచినది. ఇరాన్‌లో జన్మించిన బెహదాద్ ఎస్ఫాబోద్ దీని ముఖ్య రూపశిల్పి. మన రెండు లిపులకూ ఆధారం ఒక్కటే కావడం ఆలోచింపదగిన విషయం.

ఇక పరిశీలనాక్రమం. అక్షరాలకు బదులు ఖాళీ గడులు కనబడితే, ఆ లిపికి తగిన ఫాంటు లేదని మొదట అనుమానించాలి. తెలుగుకు లోహిత్, ఉర్దూకు నోటో నస్తాలీఖ్ చేర్చితే సాధారణంగా చిక్కు తీరుతుంది. ఒత్తులు విడివడి కనబడితే అదే వాక్యాన్ని మరొక ప్రోగ్రాములో తెరచి చూడాలి. అక్కడ సవ్యంగా ఉంటే లోపం మొదటి ప్రోగ్రాములోనో, దాని సెట్టింగులలోనో ఉన్నదన్నమాట.

రంగులు, అక్షరాల పరిమాణం, ప్యానెల్ తారుమారైతే కొత్త యూజరు ఖాతా తెరచి చూడాలి. అందులో అంతా సరిగా ఉంటే, లోపం చాలావరకు పాత ఖాతా సెట్టింగులదే. అవి ఎక్కువగా హోమ్ ఫోల్డరులో, చుక్కతో మొదలయ్యే 'కాన్ఫిగ్' అనే దాగిన ఫోల్డరులో ఉంటాయి. సంబంధించిన భాగాన్ని చెరిపివేయక పేరు మార్చి చూడాలి. ఫలితం లేకుంటే పాత పేరే మరల పెట్టవచ్చు. కొత్త ఖాతాలోనూ అదే దోషముంటే మానిటరు కేబులు, డిస్‌ప్లే డ్రైవరు వైపు దృష్టి మరల్చాలి. అప్‌డేట్ తరువాతనే చిక్కు వచ్చి ఉంటే, యంత్రం మొదలయ్యేటప్పుడు పాత కెర్నెల్‌ను ఎంచుకొని పరీక్షించవచ్చు. ప్రతిసారీ ఒక్క మార్పే చేయాలి. రెండు మార్పులు ఒకేసారి చేసినవానికి ఏది గుణమిచ్చిందో తెలియదు. గోల్కొండ కాలంలో వజ్రాల వర్తకానికి పేరుగాంచిన కార్వాన్ మనది. రాయిని పరీక్షించనిదే వెల కట్టరాదని ఇక్కడి వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

విండోస్ ఉండగా ఈ శ్రమ ఎందుకని కమిటీ సభ్యులు ప్రశ్నించవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. ఉర్దూ అచ్చుపనికి వాడే ఇన్‌పేజ్ విండోస్‌కై తయారైనది. దానిని నేర్చుకొనేవారికి అటువంటి యంత్రం ఉంచవలసిందే. కాని దోషం లేని వ్యవస్థ ఏదీ లేదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే తెలుగు అక్షరం గల సందేశం అందగానే ఐఫోన్లలో ప్రోగ్రాములు స్తంభించిపోయాయి. ఆపిల్ సంస్థ సవరణ విడుదల చేసేవరకు వాడుకరులు వేచి ఉండవలసి వచ్చింది. లినక్స్‌లోనైతే మూలాన్ని ఎవరైనా చదువవచ్చు, సవరణ ప్రతిపాదించవచ్చు. పైగా విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మూలపడనున్న పాత యంత్రాలు అనేకం లినక్స్‌తో ఇంకా కొన్నేళ్లు పనిచేయగలవు. స్వల్ప నిధులతో నడిచే కళాశాలకు ఇది చిన్న లాభం కాదు.

కనుక కమిటీవారికి నా మనవి ఒక్కటే. ప్రయోగశాలలో ఒక దోషాల పుస్తకం ఉంచండి. తేదీ, కనబడిన లోపం, చేసిన మార్పు, దాని ఫలితం అందులో తెలుగులోనో ఉర్దూలోనో విద్యార్థులే వ్రాయాలి. అధ్యాపకుని సమక్షంలో సెట్టింగులు సవరించే అనుమతి వారికివ్వండి. యంత్రాన్ని ముట్టుకోవద్దని బోర్డు పెట్టిన గదిలో యంత్రవిద్య అలవడదు. తన భాష తెరపై చెదిరినప్పుడు దానిని చక్కదిద్దగల విద్యార్థి, రేపు ఏ కార్యాలయంలోనైనా చేయి కట్టుకొని నిలబడడు.