‘మనోడే’ అన్నంత మాత్రాన సంఘంలో చేరాలా?

పొద్దున తాడ్వాయిలో బస్సెక్కి కామారెడ్డిలో కాలేజీ ముందు దిగుతారు. (మేడారం దారిలోని తాడ్వాయి కాదు, మన కామారెడ్డి జిల్లా తాడ్వాయి.) అడ్మిషన్ అయి ఇంకా వారం కాలేదు. గేటు దగ్గర ఒక సీనియర్ ఆపి ‘ఏ ఊరు తమ్మీ?’ అని అడుగుతాడు. ఊరి పేరు చెప్పగానే ‘అరే, మనోడే!’ అంటూ భుజం మీద చెయ్యేస్తాడు. కొత్త కాలేజీలో ఒక్కరూ తెలియని రోజున ఆ మాట ఎంత ధైర్యాన్నిస్తుందో అనుభవించినవాళ్లకే తెలుసు. ఆయన రెండో చేతిలో సభ్యత్వ రసీదు పుస్తకం ఉంటుంది.

చేరాలా వద్దా? ఇంట్లో అడిగితే నాన్న ఒక్క ముక్కలో తేల్చేస్తాడు: ‘నీకెందుకురా అవన్నీ, సక్కగ సదువుకో.’ సీనియర్‌ని అడిగితే ఆయనా ఒక్క ముక్కలోనే చెప్తాడు: ‘సంఘం లేకపోతే నిన్ను ఎవడు పట్టించుకుంటడు?’ ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. మిగతా సగాన్ని మీరే వెతుక్కోవాలి.

అమెరికా కాలేజీల్లో ఇలాంటి వాటిని ఫ్రెటర్నిటీలు అంటారు. 1776లో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో పుట్టిన ఫై బీటా కప్పాతో ఆ సంప్రదాయం మొదలైంది. గ్రీకు అక్షరాల పేర్లు, సొంత ఇళ్లు, జీవితాంతం కొనసాగే అన్నదమ్ముల వరస వాటి ప్రత్యేకత. అక్కడ చదివి పెద్ద పదవులకు ఎక్కినవాళ్లలో చాలామంది వాటి సభ్యులే. రెండో ముఖమూ ఉంది. 2017లో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో సభ్యత్వం కోసం వెళ్లిన 19 ఏళ్ల కుర్రాడితో ‘ప్రవేశ వేడుక’ పేరిట వరసగా మద్యం తాగించారు. మెట్ల మీద నుంచి పడిపోయాడు. తెల్లారేదాకా ఎవరూ అంబులెన్స్‌ని పిలవలేదు. ఆ అబ్బాయి బతకలేదు. ‘అన్నదమ్ములం’ అన్నవాళ్లందరూ ఆ రాత్రి అదే ఇంట్లో ఉన్నారు.

మనకు గ్రీకు అక్షరాలు లేవు కానీ ఆ పని చేసేవి మనకూ ఎప్పటినుంచో ఉన్నాయి. 1918లో హైదరాబాద్‌లో రాజా బహద్దూర్ వెంకటరామిరెడ్డి చొరవతో రెడ్డి హాస్టల్ మొదలైంది. పల్లెల నుంచి పట్నానికి చదువుకోవడానికి వచ్చిన పిల్లలకు తిండి, గది దొరకడమే గగనమైన రోజులవి. సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టల్ బాధ్యతలు చూశారు. తర్వాత ఒక్కో కులం పేరున ఒక్కో వసతి గృహం వెలిసింది. కాచిగూడ, నారాయణగూడ, హిమాయత్‌నగర్ చుట్టుపక్కల తిరిగితే ఆ బోర్డులు ఇప్పటికీ కనిపిస్తాయి. అక్కడ గది దొరికిన పిల్లలకు మంచంతో పాటు ఫలానా ఆఫీసులో పని చేసే ఫలానా పెద్దమనిషి పరిచయం కూడా దొరికేది.

1938 సంగతి చూడండి. వందేమాతరం పాడారని ఉస్మానియా అధికారులు వందలాది విద్యార్థులను బయటికి పంపించారు. చదువు ఆగిపోయినట్టే అనుకున్నవాళ్లను నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. అలా నాగపూర్ వెళ్లి చదువు పూర్తి చేసినవాళ్లలో పి.వి. నరసింహారావు ఒకరు. భాష కాని భాష, ఊరు కాని ఊరు. ఒంటరిగా అయితే అందులో ఎంతమంది రైలెక్కేవాళ్లు? తోటివాళ్లున్నారనే కదా వెళ్లారు. విద్యార్థుల ఐక్యతను తీసిపారేసేవాళ్లకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇక మీ సంగతికి వద్దాం. మీ ఇంట్లో మీరే మొదటి డిగ్రీ అనుకుందాం. తాడ్వాయి, లింగంపేట, గాంధారి వైపు నుంచి వచ్చే పిల్లల్లో ఇలాంటివాళ్లు కొత్తేమీ కాదు. హైదరాబాద్‌లో పుట్టిన ఇంజినీరు కొడుక్కి నోటిఫికేషన్ గురించి, ఇంటర్న్‌షిప్ గురించి భోజనాల దగ్గరే తెలుస్తుంది. మీకు తెలిసేది చివరి తేదీ దాటిపోయాక. ఇద్దరికీ తెలివిలో తేడా లేదు, తెలిసిన మనుషుల్లోనే తేడా. కాలేజీలో ఏ సంఘమైనా మీకు ఇవ్వగల అసలు ఆస్తి అలాంటి మనుషులే. కాబట్టి ‘వద్దు’ అని ఒక్క మాటలో కొట్టిపారేయడం నా వల్ల కాదు.

అయితే ఇక్కడో మెలిక ఉంది. 1973లో మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఒక వ్యాసం రాశారు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికిన వారిని పిలిచి, ‘ఆ కబురు చెప్పిన మనిషిని అప్పట్లో ఎంత తరచుగా కలిసేవారు?’ అని అడిగారు. తరచుగా కలిసేవాళ్లమని చెప్పింది 16.7 శాతం మందే. అప్పుడప్పుడు కలిసేవాళ్లమన్నవారు 55.6 శాతం. ఎప్పుడో అరుదుగా అన్నవారు 27.8 శాతం. అంటే ప్రాణ స్నేహితుల కంటే ముఖ పరిచయం ఉన్నవాళ్ల నుంచే ఉద్యోగం కబురు ఎక్కువగా వచ్చింది. కారణం సులువే. మీ రూమ్మేట్‌కు తెలిసింది మీకూ తెలుసు. వేరే ఊళ్లో, వేరే పనిలో, వేరే మనుషుల మధ్య ఉన్నవాడికే మీకు తెలియనిది తెలుస్తుంది.

ఇప్పుడు ‘మనోడే’ అన్న మాటను మళ్లీ వినండి. మీ కులం, మీ మండలం, మీ జెండా వాళ్లే ఉన్న గుంపులో మూడేళ్లూ తిరిగితే ధైర్యం ఉంటుంది, జ్వరమొస్తే చూసుకునేవాళ్లు ఉంటారు. అది చిన్న విషయమేమీ కాదు. కానీ అక్కడున్న పాతిక మందికీ తెలిసింది ఒకటే. నోటిఫికేషన్ సంగతి అందరూ ఒకే రోజు, ఒకే వాట్సాప్ ఫార్వర్డ్‌లో చూస్తారు. ఉద్యోగం వేటలో ఉన్నవాళ్లకు పనికొచ్చే సంఘానికి ఒక గుర్తు ఉంటుంది. మీరు మామూలుగా మాట్లాడని మనుషుల దగ్గరికి అది మిమ్మల్ని పంపిస్తుంది.

ఈ లెక్కన చూస్తే మన కాలేజీల్లో పెద్దగా ఎవరూ పట్టించుకోని ఎన్ఎస్ఎస్, ఎన్‌సీసీలు ముందు వరసలో నిలబడతాయి. 1969లో మొదలైన ఎన్ఎస్ఎస్‌లో రెండేళ్లలో 240 గంటల సేవ, దానికి తోడు ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటాయి. శిబిరంలో పక్క డిపార్ట్‌మెంట్ పిల్లలు, ఆ ఊరి సర్పంచ్, ఆశా కార్యకర్త, వ్యవసాయాధికారి అందరితోనూ మాట్లాడాల్సి వస్తుంది. ఎన్‌సీసీ ‘సి’ సర్టిఫికెట్ బి గ్రేడుతోనైనా ఉండి, డిగ్రీలో 50 శాతం మార్కులుంటే సీడీఎస్ రాత పరీక్ష లేకుండానే సైన్యంలో అధికారి ఎంపికకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది కేడెట్లు ‘సి’ పరీక్ష రాయకుండా వదిలేస్తారో! తెలంగాణ పోలీసు నియామకాల్లోనూ ఎన్‌సీసీ వాళ్లకు ప్రత్యేక కేటగిరీ ఉంది.

మరి జెండా సంఘాలో? వాటిని చెడ్డవి అనను. స్కాలర్‌షిప్ బకాయిలు, బస్‌పాస్‌లు, హాస్టల్ అన్నంలో పురుగులు... వీటి మీద ధర్నా చేసింది ఎప్పుడూ వాళ్లే. మిగతా మనమంతా ఆ ధర్నాల ఫలితం తిన్నవాళ్లం. నేనూ డిగ్రీలో ఒక సంఘంలో తిరిగాను. నలుగురి ముందు నిలబడి మాట్లాడటం, తహసీల్దార్ ఆఫీసుకు వినతిపత్రం రాయడం అక్కడే నేర్చుకున్నాను. ఈ ఉద్యోగంలో ఇప్పటికీ తింటున్నది ఆ నేర్పే. అదే సంఘం పోస్టర్లు అంటించే హడావుడిలో ఒకసారి పరీక్ష ఫీజు గడువు మరిచిపోయి, అపరాధ రుసుముకు అమ్మ దాచుకున్న డబ్బు అడగాల్సి వచ్చింది. మా నాయకుడు ‘అయ్యో తమ్మీ’ అన్నాడు, అంతే.

వాటిలో చేరేవాళ్లకు తెలియాల్సినది ఇంకోటుంది. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు లేక దశాబ్దాలవుతోంది. 2006లో సుప్రీంకోర్టు అమలు చేయమన్న లింగ్డో కమిటీ సిఫార్సులు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్ల కనిపిస్తాయి తప్ప మన డిగ్రీ కాలేజీ గడప తొక్కలేదు. ఎన్నికలుంటే నాయకుడు మీ ఓటు కోసం మీకు జవాబు చెప్పేవాడు. అవి లేనప్పుడు ఆయన జవాబు చెప్పేది పైనున్న పార్టీకే. మీరు అక్కడ సభ్యులా, లేక బంద్ రోజున లెక్కకు కావాల్సిన తలకాయా అన్నది రెండు నెలల్లోనే తెలిసిపోతుంది. అప్పుడు బయటికి రావడానికి మొహమాటపడకండి.

కేసుల సంగతి మరీ జాగ్రత్తగా వినండి. పోలీసు ఉద్యోగానికో, ఏ ప్రభుత్వ ఉద్యోగానికో ఎంపికయ్యాక ధ్రువీకరణ పత్రంలో ‘మీపై ఎప్పుడైనా క్రిమినల్ కేసు నమోదైందా?’ అని అడుగుతారు. ధర్నాలో పడిన చిన్న కేసే కదా, కొట్టేశారు కదా అనుకుని ‘లేదు’ అని రాస్తే అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి, దాచకూడదు. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి స్వల్ప విషయాల్లో దాచినా యాజమాన్యం తన విచక్షణతో క్షమించవచ్చని అదే తీర్పు చెప్పింది. ‘క్షమించవచ్చు’ అంటే క్షమించి తీరాలని కాదు. కాబట్టి కేసు ఉంటే ఉన్నదని రాయండి. కాగితాలన్నీ దాచుకోండి. ఎఫ్ఐఆర్‌లో మీ పేరుందో లేదో ‘అన్న చూసుకుంటడు’ అని వదిలేయక మీరే కనుక్కోండి. అన్న ఎల్లకాలం చూసుకోడు.

ప్రవేశ వేడుకలు మనకు లేవనుకోవద్దు. కొన్ని హాస్టళ్లలో ‘పరిచయ కార్యక్రమం’ పేరుతో జరిగేది అదే. 1997 నుంచే మనకు ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది, జైలు శిక్ష పడుతుంది. యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522. ‘మనోళ్లే కదా’ అని నోరు మూసుకోవాల్సిన పని లేదు.

ఆడపిల్లలకు ఈ లెక్క వేరు. 2023 డిసెంబరు 9 నుంచి బస్సు టికెట్ లేదు, సంతోషమే. కానీ ఊరికి వెళ్లే చివరి బస్సు వేళ మారలేదు. సాయంత్రం ఆరింటికి మీటింగ్ పెట్టే సంఘంలో తాడ్వాయి అమ్మాయి పేరుకే సభ్యురాలు. ‘మధ్యాహ్నం లంచ్ టైమ్‌లో పెట్టండి’ అని ఒకసారి అడిగి చూడండి. మార్చుకున్నారంటే అక్కడ మీ మాటకు విలువ ఉన్నట్టు. ‘నీ ఒక్కదాని కోసమా?’ అన్నారంటే ఆ సంఘం సంగతి అర్థమైపోయినట్టే.

డిగ్రీ అయిపోయి గ్రూప్స్ కోసం హైదరాబాద్ వెళ్లినవాళ్లకు పేరు లేని సంఘాలు దొరుకుతాయి. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలోనో, అశోక్‌నగర్ గదుల్లోనో నలుగురు కలిసి ఒక టెస్ట్ సిరీస్ కొనుక్కుని, సబ్జెక్టులు పంచుకుని, ఒకరి జవాబులు ఒకరు దిద్దుకుంటారు. ఐదు రూపాయల భోజనం వరసలో నిలబడే కరెంట్ అఫైర్స్ అప్పజెప్పుకుంటారు. దానికి రసీదు ఉండదు, జెండా ఉండదు. పని చేయనివాడిని వాళ్లే బయటికి పంపిస్తారు. నన్నడిగితే అన్నింటికన్నా గట్టి సంఘం అదే. ఒకే జిల్లా వాళ్లతో కాకుండా ఆదిలాబాద్ నుంచి ఒకరు, నల్గొండ నుంచి ఒకరు ఉండేలా చూసుకోండి.

ఇంటర్వ్యూ మాట కూడా ఒకటి. రెజ్యూమేలో ‘విద్యార్థి సంఘం కార్యదర్శి’ అని రాసుకుంటే అవతలివాళ్లు అడిగేది ఒకటే: ఏం చేశారు? ‘చాలా కార్యక్రమాలు చేశాం సర్’ అంటే ఆ వరస అక్కడితో అయిపోయింది. ‘రక్తదాన శిబిరానికి 60 మందిని పిలిచాం, 41 మంది వచ్చారు, రానివాళ్లు ఎందుకు రాలేదో కనుక్కుని రెండోసారి తేదీ మార్చాం’ అన్నట్టు చెప్పగలిగితే పదవి పేరు లేకపోయినా ఫర్వాలేదు. అందుకే చేరిన రోజు నుంచి ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. ఏ పని, ఎంతమంది, ఎంత ఖర్చు, ఏం తప్పింది అన్నవి రాయండి. మూడో ఏడాది చివర కూర్చుని గుర్తు తెచ్చుకుందామంటే ఏదీ గుర్తుకు రాదు.

రేపు మళ్లీ ఆ అన్న రసీదు పుస్తకంతో ఎదురైతే ముఖం చాటేయకండి. ‘అన్నా, మీ సంఘంలో ఉండి రెండు మూడేళ్ల కిందట కాలేజీ దాటిన ముగ్గురి నంబర్లు ఇస్తారా?’ అని అడగండి. ఇస్తే సాయంత్రం బస్సెక్కి ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి. ఇప్పుడేం చేస్తున్నారు, ఉద్యోగం ఎలా వచ్చింది, అందులో సంఘం పాత్ర ఎంత, కేసులేమైనా మిగిలాయా? తాడ్వాయి వచ్చేలోపు ముగ్గురితోనూ మాట్లాడొచ్చు. రసీదు మర్నాడు తీసుకున్నా ఏం పోదు.