దిద్దుకోగలిగే పూతే గిటార్‌కు మేలు

సొంత చేతులతో ఎలక్ట్రిక్ గిటార్ చేసుకోవాలనుకునే కుర్రకారుకు బిష్టుపూర్ అనువైన చోటే. జంషెడ్‌పూర్‌లోని ఈ పాత బజారు పేట, ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఉన్న పేటగా అక్కడి తెలుగువారందరికీ తెలిసినదే. గుమ్మడి టేకు పలక సంపాదించడం, దాన్ని ఆకారానికి కోయించడం, పికప్‌ల కోసం గుంటలు తొలిపించడం, మెడ బిగించడం ఓపికుంటే కుదిరే పనులు. గుమ్మడి టేకును జార్ఖండ్‌లో గమ్హార్ అంటారు. పని చెడేది చాలాసార్లు చిట్టచివర, పూత దగ్గర. నెల రోజుల శ్రమ మీద ఒక్క సాయంత్రం వేసిన కోటు తెల్లబడుతుంది, గుంటలు పడుతుంది, లేదా చారలుగా కారి గట్టిపడుతుంది.

అప్పుడు దాదాపు అందరూ చేసేవి రెండే పనులు. వెంటనే గరుకు కాగితం తీసుకుని రుద్దడం, లేదా తప్పు కప్పేద్దామని ఇంకో కోటు వేయడం. రెండూ తొందరపాటే. ముందు తెలుసుకోవాల్సింది ఆ పూత ఏ రకంగా గట్టిపడిందన్నది. దానికి జవాబు తెలియకుండా దిద్దబోతే చిన్న మచ్చ కాస్తా పెద్ద పని అవుతుంది.

పూతలు ప్రధానంగా రెండు తెగలు. నైట్రోసెల్యులోజ్ లాకర్, లక్కతో చేసే స్పిరిట్ పాలిష్ మొదటి తెగ. వీటిలోని ద్రావణి ఆవిరైపోతే మిగిలేదే పొర. అందులో కొత్త రసాయన బంధాలేమీ ఏర్పడవు కాబట్టి అదే ద్రావణి మళ్లీ తగిలితే పొర మళ్లీ కరుగుతుంది. పాత కోటు పైభాగం కొంచెం కరిగి కొత్త కోటుతో కలిసి ఒకటైపోతుంది. కార్లకు వేసే రెండు డబ్బాల పాలీయురేథేన్, అంటే బజారు భాషలో పీయూ, రెండో తెగ. ఇందులో రంగు, హార్డెనర్ ఒకదానితో ఒకటి చర్య జరిపి అణువుల వలగా అల్లుకుపోతాయి. ఆ వలను ఏ థిన్నరూ విప్పలేదు. కొత్త కోటు పాతదానిపై విడి పొరగానే కూర్చుంటుంది. పై పొరను రుద్దుతూ కింది పొరలోకి దిగితే మ్యాపులో ఎత్తుల గీతల్లాంటి వలయాలు తేలతాయి. వాటిని దాచాలంటే ఆ ముఖమంతా మళ్లీ పూత వేయాల్సిందే.

గిటార్‌కు కారు రంగు అలవాటైంది ఫ్యాక్టరీల వల్ల. డ్యూపాంట్ సంస్థ తయారుచేసిన డ్యూకో అనే నైట్రోసెల్యులోజ్ లాకర్ 1920లలో అమెరికా కార్ల మీదికి వచ్చింది. అంతకుముందు కారు రంగు ఆరడానికి రోజులు, వారాలు పట్టేది. 1954లో స్ట్రాటోకాస్టర్ తెచ్చిన ఫెండర్ కంపెనీ కూడా అలాంటి కారు రంగులనే వాడుకుంది. 1960ల చివరికి అదే కంపెనీ పాలియెస్టర్, పాలీయురేథేన్ వంటి మందపాటి పూతలకు మారింది. త్వరగా పని కావాలి, దూరాల రవాణాను తట్టుకోవాలి. ఫ్యాక్టరీకి ఇవి న్యాయమైన కారణాలే. బాల్కనీలో ఒక్క గిటార్ చేసుకునేవారికి ఈ రెండూ అక్కర్లేదు. వారికి కావలసింది తప్పు దిద్దుకునే వీలు. అయినా అద్దంలా మెరిసే కారు క్లియర్ కోటే సిసలైన ఫినిష్ అన్న నమ్మకం బలంగా పాతుకుపోయింది. కొత్తగా నేర్చుకునేవారికి ఇంతకన్నా చెడ్డ సలహా లేదు.

తెల్లబడటాన్నే తీసుకోండి. జంషెడ్‌పూర్‌లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానాకాలం. గాలి 30 డిగ్రీల సెల్సియస్, తేమ 80 శాతం ఉన్న రోజున మంచు బిందువు సుమారు 26 డిగ్రీలు. అంటే ఏ ఉపరితలమైనా నాలుగు డిగ్రీలు చల్లబడితే చాలు, దాని మీద నీరు పడుతుంది. లాకర్‌లోని ద్రావణి వేగంగా ఆవిరవుతూ ఆ వేడిని చెక్క ఉపరితలం నుంచే లాక్కుంటుంది. నాలుగు డిగ్రీలు తగ్గడం పెద్ద విషయం కాదు. అలా చేరిన నీరు పొరలోని రెజిన్‌ను విడగొడుతుంది. సూక్ష్మమైన ఆ విడి భాగాలు వెలుతురును చెదరగొట్టడంతో పూత పాల మీగడలా కనిపిస్తుంది. అదే 30 డిగ్రీల దగ్గర తేమ 40 శాతమే ఉంటే మంచు బిందువు 15 డిగ్రీలకు దిగుతుంది. అప్పుడు బెంగ లేదు. కాబట్టి తెల్లబడిన పూత మీద గరుకు కాగితానికి పని లేదు. పొడిగా ఉన్న రోజు చూసుకుని, నెమ్మదిగా ఆవిరయ్యే ద్రావణిని పలుచగా పట్టిస్తే పొర మళ్లీ కరిగి, నీరు బయటికి పోయే వ్యవధి దొరుకుతుంది. తెలుపు పోతుంది. ఇది మొదటి తెగ పూతలకే సాధ్యం.

చేప కన్ను అనే మరో తప్పు ఉంది. కోటు వేసిన క్షణాల్లోనే గుండ్రటి గుంటలు పడి, వాటి అడుగున చెక్క కనిపిస్తుంది. దీనికి కారణం దాదాపు ఎప్పుడూ సిలికోన్ నూనె. నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లయితే సిలికోన్ నూనెది సుమారు 21 మాత్రమే. అంత తక్కువ తలతన్యత ఉన్న చోట పూత పరుచుకోలేక వెనక్కి జరుగుతుంది. ఆ నూనె కారు డ్యాష్‌బోర్డు పాలిష్ నుంచి రావచ్చు, తలకు రాసుకునే సీరం నుంచి చేతుల మీదుగానూ రావచ్చు. గిటార్ చేసే కుర్రవాళ్ల జుట్టు చూస్తే రెండోదే ఎక్కువ అనుమానించాలి! మళ్లీ కోటు వేస్తే గుంట మళ్లీ పడుతుంది. పూతను తీసేసి, తగిన ద్రావణిలో ముంచిన శుభ్రమైన గుడ్డతో తుడిచి, ప్రతి తుడుపుకూ గుడ్డ మార్చి, ఆ పైన లక్క పొరతో అడ్డుకట్ట వేయాలి. ఉక్కు నగరంలో ఈ సూత్రం కొత్తది కాదు. గోల్‌మురిలో తగరపు రేకు చేసే కర్మాగారంలోనూ ఉక్కు రేకును ఆమ్లంలో కడిగాకే తగరం పట్టిస్తారు. పూత చెడటానికి కారణం చాలాసార్లు పూత కిందే ఉంటుంది.

కారిన చారలు, నారింజ తొక్కలాంటి గరుకుదనం వీటికన్నా తేలిక. చార పూర్తిగా గట్టిపడే దాకా ఆగాలి, పచ్చిగా ఉండగా ముడితే చిరుగుతుంది. ఆ తర్వాత బ్లేడును నిటారుగా పట్టి ఎత్తు భాగాన్ని మాత్రమే గీకాలి. నారింజ తొక్కకు నీటితో తడిపిన 800, 1500, 2000 నంబరు కాగితాలు వరుసగా వాడతారు. 800 నంబరు కాగితంలో రేణువు సగటున 22 మైక్రాన్లు, 2000 నంబరులో 10. మొత్తం పూత మందమే తరచూ మిల్లీమీటరులో పదో వంతు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి అంచుల దగ్గర నాలుగు రుద్దులు ఎక్కువైతే చెక్క బయటపడుతుంది. అంచులకు టేపు అంటించి చివరిదాకా ఉంచడం ఒక్కటే మందు.

ఆరోగ్యం సంగతి ఇంకా పెద్దది. పీయూ హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. వాటిని స్ప్రే చేసినప్పుడు పీల్చేవారి ఊపిరితిత్తులు క్రమంగా వాటికి సున్నితమవుతాయి. ఒకసారి అలా అయ్యాక అతి స్వల్ప మోతాదే ఆస్తమాను రేపగలదు. కొన్ని వృత్తులలో ఆస్తమాకు ఇవి పేరున్న కారణం. ధూళిని ఆపే మాస్కు ఆవిరిని ఆపదు. రంగుల కర్మాగారాల్లో బయటి నుంచి గాలి అందించే ముసుగులు వాడేది అందుకే. ఒక గది, ఒక బాల్కనీ ఉన్న ఇంట్లో, పక్కన చిన్నపిల్లలు పడుకునే చోట ఆ స్ప్రే గన్ ఎత్తకూడదు. గిటార్ ఎంత మెరిసినా ఆ బేరం గిట్టదు.

మరి దేన్ని వాడాలి? సమాధానం బిష్టుపూర్‌కు సుమారు 130 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. రాంచీ పక్కన నామ్‌కుమ్‌లో 1924లో భారతీయ లక్క పరిశోధన సంస్థ మొదలైంది. ఇప్పుడది జాతీయ ద్వితీయ వ్యవసాయ సంస్థ పేరుతో పనిచేస్తోంది. దేశంలో లక్క ఉత్పత్తిలో జార్ఖండ్‌ది మొదటి స్థానం. కుసుమ్, మోదుగ, రేగు చెట్ల కొమ్మలను పట్టి బతికే కెర్రియా లక్కా అనే పురుగు విడిచే రెజిన్ అది. శుద్ధి చేసి పలుచని రేకులుగా అమ్ముతారు, అక్కడివారు చపడా అంటారు. స్పిరిట్‌లో నానబెడితే కరుగుతుంది. ఒకప్పుడు 78 వేగపు గ్రామఫోన్ రికార్డులు దీనితోనే పోతపోసేవారు. మాత్రల మీద, మిఠాయిల మీద పై పూతగా నేటికీ వాడుతున్నారు. క్లాసికల్ గిటార్లకు ఫ్రెంచ్ పాలిష్ పేరుతో చేసే పూతా ఇదే.

దిద్దుకునే వీలు విషయంలో దీనికి పోటీ లేదు. గీత పడితే స్పిరిట్ తడిపిన ఉండగుడ్డతో ఆ చోటే రుద్దుతారు, అంచు కనిపించకుండా కలిసిపోతుంది. చారను కరిగించి సమం చేయవచ్చు. రుద్ది రంగు పోయిన అంచుకు స్పిరిట్‌లో కరిగే రంగు కలిపిన లక్కనే పలుచగా పూయవచ్చు. తెలుగువారికి ఈ గుణం ఏటికొప్పాక బొమ్మల ద్వారా తెలియాలి. లేత్ మీద తిరిగే అంకుడు కర్రకు లక్క కడ్డీ ఒత్తితే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది, మొగలి ఆకుతో నునుపు చేస్తారు. పట్టు తప్పిన చోట మళ్లీ కడ్డీ ఒత్తితే సరి. అక్కడ కరిగించేది వేడి, ఇక్కడ స్పిరిట్.

లక్కకు లోపాలున్నాయి, దాచనక్కర్లేదు. మద్యం చుక్క పడితే మచ్చ, 75 డిగ్రీల ప్రాంతంలో మెత్తబడుతుంది, ముంజేయి ఆనే చోట చెమటకు మందగిస్తుంది. వేదికల మీద రోజూ వాయించే గిటార్‌కు గట్టి పూతే కావాలనుకుంటే, లక్కను అడుగు పొరగా వేసి పైన వేరే పూతను తగిన వసతులున్న వర్క్‌షాప్‌లో వేయించుకోవచ్చు. అప్పుడు మైనం తీసిన లక్కే వాడాలి, మామూలు లక్కలోని మైనం పీయూను పట్టుకోనివ్వదు. స్పిరిట్‌కూ నిప్పు భయం ఉంది, కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా చేయాల్సిన పనే. అందులో మిథనాల్ కలిసి ఉండవచ్చు కాబట్టి చేతులకు తొడుగులు కూడా ఉండాలి. ఇక లక్క పూత వల్ల ధ్వని మారుతుందన్న వాదనకు ఎలక్ట్రిక్ గిటార్ విషయంలో అంత బరువు ఇవ్వనక్కర్లేదు. పికప్‌లోని అయస్కాంతం పట్టేది ఉక్కు తీగ కదలికను, మెరుపును కాదు.

ఒక్క జాగ్రత్త మాత్రం కొత్తవారికి ఎవరూ చెప్పడం లేదు. కరిగించిన లక్క నిలవ ఉండదు. దానిలోని ఆమ్లాలు స్పిరిట్‌తో నెమ్మదిగా చర్య జరిపి ఎస్టర్లవుతాయి, ఆపైన పూత ఎన్నాళ్లైనా జిగటగానే ఉంటుంది. సీసా మీద కలిపిన తేదీ రాసి, ఆరు నెలలు దాటితే ముందు గాజు పలక మీద ఒక చుక్క వేసి చూడాలి. మర్నాటికి గోరు దిగితే ఆ సీసా పారేసి కొత్తది కలుపుకోవాలి.