దారి చూపే పెట్టె, కాపలా కాసే పెట్టె

మొన్న వానాకాలంలో మా కారుకి 38 వేలు పెట్టి దారి చూపే తెర బిగించాం. దాంతోపాటు 3,800కి ఇంకో చిన్న పెట్టె కూడా వచ్చి చేరింది. మొదటిదాని మీద నాకే ఫిర్యాదూ లేదు. రెండోది మాత్రం ఏ ఆడపిల్ల కారులోనూ తనకి తెలియకుండా ఉండకూడదని ఇవాళ గట్టిగా చెప్పదలుచుకున్నాను. నన్ను తిట్టేవాళ్ళలో ముందు వరసలో అమ్మలే ఉంటారని తెలుసు. తిట్టండి, నేనూ అమ్మనే.

ముందు కారు సంగతి. కారంచేడులో మా వాకిట్లో వేపచెట్టు కింద ఎర్రటి రెండు తలుపుల స్పోర్ట్స్ కారు ఉందంటే నవ్వకండి. మా బావగారి అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం చేసే రోజుల్లో మోజుపడి సెకండ్ హ్యాండులో కొన్నాడు. ఏడాది తిరక్కుండా సిడ్నీ వెళ్ళిపోతూ, "అమ్మితే సగం ధర కూడా రాదు బాబాయ్, చెల్లి నడుపుకుంటుందిలే" అని తాళాలు ఇచ్చిపోయాడు. నేలకి జానెడు ఎత్తు. స్పీడ్ బ్రేకరు వస్తే ఏటవాలుగా తిప్పి, కింద గీసుకోకుండా నెమ్మదిగా దాటించాలి. మా అత్తగారు ఒక్కసారి ఎక్కి, దిగడానికి ఇద్దరు మనుషులు కావలసివచ్చేసరికి మళ్ళీ దాని వంక చూడలేదు.

అమ్మాయికి గుంటూరులో ఉద్యోగం. శనివారం సాయంత్రం చిలకలూరిపేట, పర్చూరు మీదుగా వస్తుంది, సోమవారం తెల్లవారుజామున వెళ్తుంది. ఒక శనివారం రాత్రి వాన. ఎక్కడో రోడ్డు తవ్వి దారి మళ్ళించారు. ఒళ్ళో ఉన్న ఫోను దగ్గరిదారి అని చెప్పి డొంకలోకి తిప్పింది. మ్యాపుకి డొంకా తారురోడ్డూ ఒకటే, రెండూ గీతలే. నల్లరేగడి తడిస్తే ఏమవుతుందో మనకి తెలుసు గానీ దానికి తెలియదుగా. జానెడు ఎత్తు కారు బురదలో కూర్చుంది, ఫోను చార్జింగు అయిపోయింది. మోటారు దగ్గర పడుకున్న రైతు ఒకాయన ట్రాక్టరు తెచ్చి లాగి, పర్చూరు రోడ్డు దాకా ముందు నడిచి దారి చూపించాడు.

అప్పుడు అమ్మాయే అడిగింది, కళ్ళెదురుగా ఉండే తెర కావాలని. న్యాయమైన కోరిక. ఫోనులో దారి చూసుకోవచ్చని 2020 అక్టోబరు నుంచి కేంద్రం మోటారు వాహనాల నిబంధనల్లోనే రాసింది, అయితే నడిపేవాళ్ళ ధ్యాస చెదరకూడదని షరతు పెట్టింది. ఒళ్ళో ఫోను పెట్టుకుని తల వంచితే ధ్యాస ఎక్కడుంటుంది? తెర వచ్చినంత మాత్రాన గుడ్డిగా నమ్మమనీ కాదు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లో బరేలీ దగ్గర మ్యాపు చూసుకుంటూ వెళ్ళిన ముగ్గురు, సగంలో ఆగిపోయిన వంతెన మీదనుంచి కారుతో సహా నదిలో పడి చనిపోయారు. ఈ వార్త అమ్మాయికి మూడుసార్లు వినిపించాను. మూడోసారి దణ్ణం పెట్టింది.

కొన్న తరవాత ఇలాంటివి తగిలించడం ఎంత తంటాయో మాకు అప్పుడు తెలిసింది. డాష్‌బోర్డు ఊడదీశారు. పాత రేడియో తీసేస్తే స్టీరింగు మీద మీటలు పనిచెయ్యడం మానేశాయి, వాటికి మధ్యవర్తిగా ఇంకో పెట్టె కొనాలన్నారు. ఇంజను ఆపినా కరెంటు పారే వైరుకి తెరని కలిపారు, మూడో రోజు పొద్దున బ్యాటరీ చచ్చింది. యాంటెన్నాని లోపల ఇనుప రేకు కింద దోపారు, కారు చిలకలూరిపేట దాటినా తెర మాత్రం ఇంకా గుంటూరులోనే ఉన్నానంది. దాన్ని అద్దం దగ్గరికి మార్చాక దారిలో పడింది. ఇలా బయట తగిలించినవాటిని ఇన్సూరెన్సులో వేరుగా రాయించుకోవాలి, మరిచిపోకండి.

ఆ రెండోసారి రిపేరుకి వెళ్ళినప్పుడే బిగించే కుర్రాడు మా ఆయనతో అన్నాడు, "సార్, అమ్మాయిగారు నడిపే బండి కదా, ట్రాకర్ కూడా వేయించండి. ఎక్కడున్నారో మీ ఫోనులో చుక్క కనపడుతుంది. కంచె కూడా పెట్టుకోవచ్చు, ఆ గీత దాటితే మీ ఫోను మోగుతుంది." ఈయన నా వంక చూశారు. నేను తల ఊపాను. అమ్మాయికి చెబుదామా అని ఇద్దరిలో ఒక్కరం కూడా అనలేదు.

ఇక్కడ ఒక సంగతి తెలుసుకోవాలి. నాకూ తరవాతే తెలిసింది. దారి చూపే పెట్టె రేడియోలాంటిది, వినడమే దాని పని. ఆకాశంలో కనీసం నాలుగు ఉపగ్రహాలు పంపే సంకేతాలు విని, తనెక్కడుందో తనే లెక్క కట్టుకుంటుంది. మనమెక్కడున్నామో ఉపగ్రహానికి తెలియదు. భూమి అచ్చమైన ఆకారాన్ని లెక్కగట్టి ఈ విద్యకి పునాది వేసినవాళ్ళలో గ్లాడిస్ వెస్ట్ అనే నల్లజాతి గణితవేత్త ఒకరు. మన దేశంలో మ్యాప్ మై ఇండియాని 1995లో భర్తతో కలిసి మొదలుపెట్టింది రశ్మీ వర్మ. ఆడవాళ్ళ చెయ్యి పడ్డ పని ఇది. ట్రాకర్ అలా కాదు. దాని కడుపులో సిమ్ కార్డు ఉంటుంది. విన్నది ఊరుకోకుండా వెళ్ళి ఇంకొకరికి చెబుతుంది. ఒకటి పిల్లకి దారి చెబితే, రెండోది పిల్ల మీద చాడీలు చెబుతుంది. రెండూ జీపీఎస్సేనని ఒకే బిల్లులో రాసిచ్చారు.

11 రోజులు చూశాను ఆ చుక్కని. ఆయన రోజుకి ఒక్కసారి చూసేవారు, నేను ఇరవైసార్లు. పోపు మాడింది, పాలు పొంగాయి. ఫోనులో అమ్మాయితో మాట్లాడటం తగ్గిపోయింది. ఆఫీసుకి చేరిందా, తిన్నదా అని అడగక్కర్లేదుగా. చుక్క ఆగితే ఎందుకాగింది, కదిలితే ఎటు పోతోంది. ఒక మంగళవారం గుంటూరు కొత్తపేటలో గంటన్నర ఆగింది. గురువారం మళ్ళీ అక్కడే. కొత్తపేట అంటే ఆసుపత్రుల వీధులని మీకు తెలుసు. పెళ్ళికాని పిల్ల, చెప్పకుండా ఆసుపత్రికి రెండుసార్లు. నా బుర్రలో ఏమేం తిరిగాయో రాయడానికి సిగ్గుగా ఉంది. రాత్రి ఫోను చేసి ఏమీ ఎరగనట్టు అడిగాను, "ఇవాళ ఎక్కడికైనా వెళ్ళావా?" అని. "లేదమ్మా, ఆఫీసే" అంది. నేను రెండు వారాలుగా ఆడుతున్న అబద్ధం లెక్కలోకి రాలేదు గానీ, తను ఆడిన ఒక్క అబద్ధం నాకు నిప్పులా తగిలింది.

శనివారం గుమ్మంలో అడుగు పెట్టగానే అడిగేశాను, "కొత్తపేటలో గంటన్నర ఏం చేశావ్?" అని.

పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తరవాత సంచీలోంచి కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. రొమ్ములో గడ్డ తగిలిందట. పరీక్ష చేయించుకుంది. భయపడాల్సింది కాదని, క్యాన్సరు కాదని రిపోర్టు వచ్చింది. "ఫోనులో చెబితే నువ్వు కంగారుపడతావని, ఎదురుగా కూర్చుని చెబుదామని శనివారం దాకా ఆగానమ్మా" అంది. "నీకెలా తెలిసింది?" అని మాత్రం అడగలేదు. కారు వంక చూసింది, అంతే. సోమవారం తాళాలు దేవుడి గూట్లో పెట్టి బస్సెక్కి వెళ్ళింది.

కూతురు తన నోటితో నాకు చెప్పుకోవలసిన మాట అది. దాన్ని నేను 3,800 రూపాయలకి ముందే కొనుక్కున్నాను.

రోజులు బాగాలేవంటారు. బాగాలేవు, ఒప్పుకుంటాను. కానీ చుక్క చెప్పేది కారు ఎక్కడుందో, పిల్ల ఎలా ఉందో కాదు. ప్రభుత్వం కూడా ట్రాకర్ పెట్టమంది, 2019 జనవరి నుంచి కొత్త బస్సులకీ ట్యాక్సీలకీ, ఆపద మీటతో సహా. అక్కడ ఆడది ప్రయాణికురాలు, నడిపేది ముక్కూమొహం తెలియనివాడు, నిఘా ఆ బండి మీద. మన ఇంట్లో నడిపేది మన పిల్లే, నిఘా మన పిల్ల మీదే. మన రాష్ట్రంలో 2020లో వచ్చిన దిశ యాప్‌నే తీసుకోండి, ఆపదలో ఉన్న మనిషి తనంతట తను నొక్కితే పోలీసులకి తెలిసేది. ఎప్పుడు పిలవాలో ఆమె ఇష్టం. తేడా అక్కడే ఉంది. ఇంకా దొంగల భయమంటారా? ట్రాకర్ వేయించండి, పిల్లకి చెప్పి, పాస్‌వర్డు పిల్ల చేతిలోనే పెట్టండి. కారు పోతే తనే చూసుకుంటుంది. "అలా అయితే మనకెందుకు?" అన్నారు మా ఆయన. దొంగ భయం ఎంతో ఆ మాటలోనే తేలిపోయింది.

ఇంకొకటి కూడా అడుగుతాను. ఇదే కారుని మా బావగారి అబ్బాయి హైదరాబాదు ఔటర్ మీద ఏ వేగంతో నడిపాడో వాడే గొప్పగా చెప్పుకునేవాడు. అప్పుడు ఒక్కరికీ చుక్క గుర్తు రాలేదు. స్టీరింగు దగ్గరికి ఆడపిల్ల వచ్చాకే అందరికీ ప్రమాదాలు గుర్తొచ్చాయి. బి.ఏ.లో మా మేష్టారు చెప్పేవారు, లక్ష్మణరేఖ వాల్మీకంలో లేదు, మన రంగనాథ రామాయణంలో ఉందని. గీత గీసిన ఘనత మన తెలుగువాళ్ళకి దక్కింది, సరే. కానీ ఆ గీత సీతమ్మ కళ్ళెదురుగానే గీశారు. ఇప్పటి కంచె కనపడనే కనపడదు.

ట్రాకర్ నేనే పీకించాను, చీరాలలో ఒక ఎలక్ట్రీషియనుతో. 200 తీసుకున్నాడు. "దండగ చేశావు" అని ఈయన రెండు రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు. దారి చూపే తెర అలాగే ఉంది. కారు వేపచెట్టు కింద నాలుగు వారాలుగా ఆకులు రాలి పసుపుపచ్చగా తయారైంది. బ్యాటరీ పోకుండా ఆదివారం ఆదివారం స్టార్ట్ చేసి ఉంచమని అమ్మాయే చెప్పింది, చేస్తున్నాను.

పోయిన శనివారం రాత్రి ఏడింటికి ఫోను చేసింది. "బస్సు పర్చూరు దాటిందమ్మా" అంది. నేను అడగలేదు, తనే చెప్పింది.