కొన్న ప్రాజెక్టు కన్నా.. కుట్టిన కవరు నయం!

‘మీ ప్రాజెక్టు గురించి చెప్పండి’. ఇంటర్వ్యూలో ఈ మాట వినగానే గొంతు తడారిపోయినవాళ్లు మీలో ఎంతమంది ఉన్నారు? నేనైతే మొదట చెయ్యెత్తుతా. ఫైనలియర్‌లో మా బ్యాచ్ నలుగురం తలా కొంత వేసుకుని రెడీమేడ్ ప్రాజెక్టు కొన్నాం. రిపోర్టు, స్లైడ్లు, కోడు అన్నీ పెన్‌డ్రైవ్‌లో పెట్టిచ్చారు. మార్కులూ బాగానే పడ్డాయి. ఆర్నెల్ల తర్వాత ఓ కంపెనీ ఇంటర్వ్యూలో ఒకాయన నింపాదిగా అడిగారు: ‘ఇక్కడ ఈ సెన్సరే ఎందుకు వాడారు?’ నా దగ్గర జవాబు లేదు. నిజానికి ఆ సెన్సర్ని నేను చేత్తో ముట్టుకున్నది కూడా లేదు.

తర్వాత ఏడాదికి మరో ఇంటర్వ్యూలో అదే ప్రశ్న వచ్చింది. ఈసారి దాదాపు ఇరవై నిమిషాలు మాట్లాడా. దేని గురించో తెలుసా? కెమెరా లెన్సుకు ఇంట్లో నేను చేసుకున్న కవరు గురించి. నవ్వకండి. ఆ కథ చెబుతా, పనికొస్తే మీరూ వాడుకోండి.

దుర్గిలో తగిలిన దెబ్బ

పల్నాడు జిల్లాలో మాచర్ల పక్కనుండే దుర్గి తెలుసుగా? రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఊరు. ఇక్కడి సున్నపురాయికి పెద్ద చరిత్రే ఉంది. అమరావతి, నాగార్జునకొండ బౌద్ధ శిల్పాలు చెక్కింది పల్నాటి సున్నపురాయి మీదే. నా బ్లాగు కోసం ఆ శిల్పుల పని వీడియో తీద్దామని బయల్దేరా. కెమెరా స్నేహితుడిది, లెన్సు అద్దెది. మూత మాత్రం బస్సులో ఎక్కడో పడిపోయింది. ‘ఒక్కపూట పనేగా, మూత లేకపోతే ఏమవుతుందిలే’ అనుకున్నా.

ఉలితో చెక్కేచోట పెద్దగా ఇబ్బంది లేదు. కటింగ్ మెషిన్ తిరగడం మొదలయ్యాక తెల్లటి పొడి మేఘంలా లేచింది. లెన్సు మీద పేరుకుంది. నేనేం చేశానో ఊహించే ఉంటారు. చొక్కా అంచు పట్టుకుని గుండ్రంగా రుద్దేశా. పక్కనే పనిచేస్తున్న పెద్దాయన చూసి, ముందు దులపాలి బాబూ, తర్వాతే తుడవాలి అన్నారు. అప్పటికే ఆలస్యమైపోయింది. లెన్సు తిరిగి ఇచ్చేటప్పుడు షాపాయన టార్చి వేసి చూపించాడు, సన్నటి గీతలు. డిపాజిట్‌లో 2,500 పోయాయి. ఉద్యోగం లేని రోజుల్లో అది నాకు నెల ఖర్చు.

గీత పడింది ఎందుకు?

కోపం తగ్గాక ఇంజినీరింగ్ బుర్ర పనిచేయడం మొదలెట్టింది. గట్టిదనానికి మోహ్స్ స్కేలు ఉంటుంది, స్కూల్లో చదివే ఉంటారు. సున్నపురాయిలో ప్రధానంగా ఉండే కాల్సైట్ దాని మీద 3. మామూలు గాజు సుమారు 5.5. అంటే మెత్తటి సున్నపురాయి పొడి గాజును గీయకూడదు. మరి గీసిందేంటి?

రెండు అనుమానాలు వచ్చాయి. ఒకటి, రోడ్డు దుమ్ము. అందులో ఇసుక ఉంటుంది. ఇసుకలోని క్వార్ట్జ్ గట్టిదనం 7. రెండోది, కటింగ్ చక్రం నుంచి రాలే రేణువులు. రాతిని కోసే చక్రాల్లో వాడే సిలికాన్ కార్బైడ్ లాంటివి ఇంకా గట్టివి, 9కి పైనే. పైగా లెన్సుకు పైన ఉండేది ఉత్త గాజు కాదు. వెలుగు తిరిగి కొట్టకుండా పలుచటి కోటింగ్ ఉంటుంది. దాని పొరలు మైక్రాన్‌లో కొంత భాగం మాత్రమే మందం ఉంటాయి. మన వెంట్రుక మందం పదుల మైక్రాన్లు. ఇక నా చొక్కా చేసిన పనేంటో చెప్పక్కర్లేదు, దుమ్మును ఉప్పు కాగితంగా మార్చేసింది.

ఇంకో నిజం కూడా చెప్పాలి. ముందు గాజు మీద చిన్న గీత పడితే ఫొటోలో మామూలుగా కనిపించదు. ఎండకు ఎదురుగా తీసినప్పుడు మసక రావచ్చు. నష్టమంతా లెన్సు విలువలోనే. కానీ అద్దె లెన్సుకు విలువే కదా ముఖ్యం!

మీలో చాలామందికి ఇది వేరేవాళ్ల గోల కాదు. చదువుకుంటూనే పెళ్లిళ్లకు సెకండ్ కెమెరాగా వెళ్లేవాళ్లు, రీల్స్ తీసి పాకెట్ మనీ సంపాదించేవాళ్లు ప్రతి కాలేజీలో ఉన్నారు. హల్దీ ఫంక్షన్‌లో పసుపు, సంగీత్‌లో రంగుల పొగ, కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల దగ్గర లేచే దుమ్ము.. లెన్సు వీటన్నిటి మధ్యలోకీ వెళ్తుంది. అది పాడైతే ఆరోజు కూలి మొత్తం దానికే పోతుంది.

కొలతలో మొదటి తప్పు

అప్పుడు మూడు వస్తువులు చేయాలనుకున్నా. లెన్సు ముందు పెట్టే మూత, చుట్టూ నిలబడే హుడ్, కెమెరా మొత్తానికి దుమ్ము తొడుగు. స్టేషనరీ షాపులో దొరికే నల్ల ఫోమ్ షీటు, వెల్వెట్ ముక్క, వెల్‌క్రో, ఎలాస్టిక్, చొక్కా కొంటే వచ్చే ప్లాస్టిక్ కవరు. అంతా కలిపి నాకైంది 85 రూపాయలు.

మొదటి మూత లెన్సుకు ఎక్కనే లేదు. కారణం వింటే మా ల్యాబ్ సార్ తల బాదుకుంటారు. లెన్సు మీద ‘18-55 మి.మీ.’ అని ఉంటే, అది వ్యాసం కాదని తెలుసు. అది ఫోకల్ లెంగ్త్. పక్కనే సున్నాకు అడ్డగీత కొట్టినట్టుండే గుర్తుతో 58 అని ఉంది. ఆహా, వ్యాసం ఇదే అని 3.14తో గుణించి 182 మి.మీ. పట్టీ కోశా. కానీ ఆ 58 ఫిల్టర్ బిగించే మర వ్యాసం. బయటి అంచు వ్యాసం వేరు. వెర్నియర్ కాలిపర్స్ అడిగి తెచ్చుకుని కొలిస్తే 68 వచ్చింది. అంటే చుట్టుకొలత సుమారు 213.5. అతికించడానికి మరో 15 కలిపితే 228.5 మి.మీ. ఫస్టియర్‌లో రీడింగులు కాపీ కొట్టిన ఆ పరికరం నాకు నిజంగా పనికొచ్చింది అప్పుడే.

మీ దగ్గర కాలిపర్స్ లేకపోతే టైలర్ టేపు చుట్టేసి నేరుగా చుట్టుకొలతే తీసుకోండి. సరిపోతుంది.

జిగురు నేర్పిన పాఠం

రెండో మూత చక్కగా ఎక్కింది. తొందరలో సూపర్ గ్లూతో అతికించి, తడి ఆరకుండానే డబ్బాలో పెట్టేశా. అదృష్టం బాగుండి లెన్సుకు బదులు పాత కళ్లద్దాలు పెట్టి చూశా. మర్నాటికి అద్దం మీద తెల్లటి పొర! ఆ రకం జిగురు ఆరేటప్పుడు వచ్చే ఆవిరి దగ్గర్లో ఉన్న వాటి మీద తెల్లగా పేరుకుంటుంది. అందుకే జిగురు మానేసి దారంతో కుట్టా. జిగురు తప్పదంటే బయట గాలికి రెండు రోజులు ఆరనిచ్చి, వాసన పూర్తిగా పోయాకే లెన్సు దగ్గరికి తీసుకెళ్లండి.

ఇంకో నియమం పెట్టుకున్నా. మూత లోపలి భాగం గాజుకు తగలకూడదు. అంచు మీద కూర్చోవాలి, మధ్యలో కనీసం 3 మి.మీ. ఖాళీ ఉండాలి. పాత జీన్స్ గుడ్డ లోపల వేయొద్దు, నూగు రాలుతుంది.

మూత దుమ్మును ఆపుతుందో లేదో చూడటం ఎలా? లెన్సు మీదే ప్రయోగం చేస్తే మళ్లీ 2,500! అందుకే సరిగ్గా అదే మందం ఉన్న సీసా వెతికా. దాని మీద నల్ల కాగితం అతికించి, మూత తొడిగి, టాల్కం పౌడరున్న కవరులో వేసి నిమిషంపాటు ఊపా. తీసి చూస్తే కుట్టు ఉన్నవైపు కాగితం తెల్లబడింది. లోపలి అంచుకు వెల్వెట్ పట్టీ కుట్టి మళ్లీ ఊపా. ఈసారి కాగితం నల్లగానే ఉంది.

హుడ్, తొడుగు

హుడ్ పక్కల నుంచి పడే వెలుగును ఆపుతుంది. గాజు లోపలికి ఉంటుంది కాబట్టి వేళ్లు, దెబ్బలు నేరుగా తగలవు. పొడుగు ఎంతుండాలన్నదే చిక్కు. మామూలు కిట్ లెన్సు 18 దగ్గర మూల నుంచి మూలకు దాదాపు 75 డిగ్రీలు చూస్తుంది. 55 దగ్గర అది 28కి పడిపోతుంది. హుడ్ పొడుగైతే 18లో ఫొటో మూలలు నల్లబడతాయి. లెక్క రాకపోయినా పర్లేదు. 18లో పెట్టి తెల్లగోడను తీయండి. మూలలు నల్లగా వస్తే 5 మి.మీ. కోయండి. మళ్లీ తీయండి. నాకు మూడు కోతల్లో కుదిరింది. ఒక జాగ్రత్త: జూమ్ చేసినప్పుడు ముందుకు జరిగే భాగం మీద బరువు వేయొద్దు.

తొడుగు ఇంకా తేలిక. ప్లాస్టిక్ కవరుకు హుడ్ పట్టేంత రంధ్రం కోసి, అంచును హుడ్ చుట్టూ బిగించడమే. గాజు ముందు మాత్రం ప్లాస్టిక్ రాకూడదు, బొమ్మ మసకబారుతుంది. మొదట రబ్బరు బ్యాండు వేశా. రాష్ట్రంలోనే ఎండలకు పేరుమోసిన రెంటచింతల మా పక్కనే కదా, రెండు మధ్యాహ్నాలకే బ్యాండు మెత్తబడి అంటుకుపోయింది. ఎలాస్టిక్ కుడితే నిలిచింది. పని అయిపోగానే తొడుగు తీసేయండి. లోపల చెమ్మ నిలిస్తే లెన్సుకు బూజు పట్టే ప్రమాదం ఉంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి దాచడం మంచిది. బియ్యంలో పెట్టొద్దు, ఆ పొడి ఇంకో తలనొప్పి.

ఇంతకీ ఇంటర్వ్యూలో ఏమైంది?

రెండో ఇంటర్వ్యూలో నేను ఈ కథే చెప్పా. వాళ్లు వరసగా అడిగారు. గుడ్డ బదులు ఫోమ్ ఎందుకు? మూత పనిచేస్తుందని ఎలా తేల్చారు? మళ్లీ చేస్తే ఏం మారుస్తారు? ఒక్కదానికీ గొంతు ఎండలేదు. బట్టీ పట్టింది కాదు కాబట్టి తడుముకోలేదు. పౌడర్ టెస్ట్ దగ్గర ఒకరు పెన్ను పక్కనపెట్టి మరీ విన్నారు. ఆ ఉద్యోగం కవరు వల్లే వచ్చిందని చెప్పను. రాత పరీక్ష ఉంది, కోడింగ్ రౌండ్ ఉంది. వాటికి చదవాల్సిందే. కానీ ‘మీరేం చేశారు’ అన్న ప్రశ్న దగ్గర మాత్రం ఈసారి నేల చూపులు చూడలేదు.

‘వంద రెండొందలు పెడితే ఆన్‌లైన్లో మూత వస్తుందిగా’ అంటారా? నిజమే, కొనుక్కోండి. కంపెనీ మూత మన మూతకన్నా బాగా బిగుస్తుంది కూడా. అద్దె లెన్సుకైతే షాపువాళ్లను అడక్కుండా సొంత తొడుగులు వేయొద్దు. గ్రహణం తీయడానికి ఇంట్లో ఫిల్టర్ చేసే సాహసం అసలే వద్దు, కెమెరాతో పాటు కళ్లూ పోతాయి. సొంతంగా చేసేది ఎక్కడ ఆపాలో తెలియడమూ ఇంజినీరింగే.

నేను చెప్పేది డబ్బు ఆదా గురించి కాదు. పాతికవేలు పెట్టి కొన్న ప్రాజెక్టులో మీరు చేసిన తప్పు ఒక్కటీ ఉండదు. తప్పు లేనిచోట చెప్పడానికి మాటా ఉండదు. 85 రూపాయల మూతలో నావి మూడు తప్పులున్నాయి. కొలత, జిగురు, రబ్బరు బ్యాండు. ఇంటర్వ్యూలో నన్ను మాట్లాడించినవి అవే.

కెమెరా లేదా? ఫోన్ కెమెరాకు జరిపే మూత చేయండి. అదీ వద్దంటే నాన్న స్కూటర్ సీటు కవరో, అమ్మ మిక్సీ మూత కింద లీకేజీనో చూడండి. ఏదైనా సరే, ఒక తెల్లకాగితం తీసి ఆరు వరసలు రాయండి: సమస్య ఏంటి, ఏం కొలిచారు, ఏది చెడింది, ఏం మార్చారు, ఎలా పరీక్షించారు, ఎంతయింది. పక్కన రెండు ఫొటోలు, చెడిపోయినదాని ఫొటో కూడా. రెజ్యూమేలో దానికి ఒక్క లైను చాలు.

ఈ ఆదివారం మొదలుపెట్టండి. అన్నట్టు, కళ్లజోడైనా, ఫోనైనా, లెన్సైనా.. ముందు దులపండి, తర్వాతే తుడవండి. ఆ ముక్క నేర్చుకోవడానికి నాకు 2,500 పట్టింది. మీకు ఉచితం.